పొటాషియం నీళ్ళు తగిలితే మండుద్ది కదా, మరి రొయ్యల చెరువులో బస్తాలకి బస్తాలు ఎలా పోస్తున్నాం?

ఉప్పుటేరు కుర్రోడు

నమస్కారం అండి అందరికీ. మాది ఆకివీడు పక్కన పల్లెటూరు, నాన్నగారు వనామీ రకం రొయ్య వేస్తారు, నేను డిగ్రీ చదువుతా చెరువు పని కూడా చూసుకుంటాను. రెండు డౌట్లు ఉన్నాయి, లోపల ఎక్కడో రెండూ ముడిపడి ఉన్నాయనిపిస్తంది అందుకే ఒకే పోస్టులో అడుగుతున్నా, కొంచెం పెద్దదైనా చదివి చెప్పండి.

ఒకటి, ఇంటర్ కెమిస్ట్రీలో పొటాషియం ముక్క నీళ్ళలో వేస్తే భగ్గున మండుద్ది, గాలి కూడా తగలకుండా కిరసనాయిల్లో దాచాలి అని చదువుకున్నాం. ఇప్పుడేమో ఆక్వా షాపాయన మీ చెరువులో పొటాషియం తక్కువుంది పొటాష్ వేయండి అంటన్నారు, ఎర్ర పొటాష్ బస్తా తెచ్చి డ్రమ్ములో కలిపితే మంట లేదు ఏం లేదు మామూలు ఉప్పు కరిగినట్టే కరిగిపోయింది. మరి పుస్తకంలో పొటాషియం ఇదీ ఒకటేనా?

రెండోది అసలు బాధ. మా చెరువు బోరు నీళ్ళు. పక్క చెరువు వాళ్ళు ఉప్పుటేరు పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కించుకుంటారు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే ఇద్దరిదీ 6 పీపీటీయే, అంటే వెయ్యి పాళ్ళలో ఆరు పాళ్ళు ఉప్పు. ఒకే హేచరీ సీడు, మేత కూడా ఒకే కంపెనీది. వాళ్ళ రొయ్య బాగానే ఉంది, మాది మాత్రం వల విసిరి తీస్తే చాలు తోక వంకర పోయి అలాగే బిగుసుకుపోతంది, కండ తెల్లగా అయిపోతంది, కొన్ని మళ్ళీ నీళ్ళలో వేసినా తేరుకోవట్లేదు. షాపాయన ఇచ్చిన మినరల్ ప్యాకెట్లు చల్లాం, ఏం మార్పు లేదు. ఉప్పు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుందండి? నాన్నగారు రాత్రిళ్ళు నిద్రపోకుండా గట్టు మీదే తిరుగుతున్నారు, తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.


తణుకు కెమిస్ట్రీ

బాబూ నీ అనుమానం కరెక్టే, రెండూ ముడిపడే ఉన్నాయి. మొదటిది నేను చెప్తాను, చెరువు సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళు కూడా రావాలి.

పుస్తకంలో పొటాషియం, బస్తాలో పొటాషియం ఒకటే మూలకం, పరమాణు సంఖ్య 19. తేడా అంతా ఒక్క ఎలక్ట్రాన్‌లో ఉంది. లోహంగా ఉన్నప్పుడు నాలుగో కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటది, కేంద్రకానికి దూరం కాబట్టి దానిమీద పట్టు బాగా తక్కువ. నీళ్ళు తగలగానే ఆ ఎలక్ట్రాన్ నీళ్ళకి పోద్ది, హైడ్రోజన్ బయటికొస్తది, పుట్టిన వేడికి ఆ హైడ్రోజనే అంటుకుంటది, మనకి కనిపించే లేత ఊదారంగు మంట అదే. నీళ్ళలో మిగిలేది పొటాషియం హైడ్రాక్సైడ్. సాంద్రత 0.86 కాబట్టి ముక్క మునగదు, నీళ్ళ మీద తేలుతా చిటపటమంటా పరిగెడతది. లోహం అంటాం గానీ చాకుతో కోయొచ్చు, 63 డిగ్రీలు దాటితే కరిగిపోద్ది, అంటే టీ కాచే వేడి కూడా అక్కర్లేదు.

ఇక బస్తాలో ఉన్నది పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం ఆ ఎలక్ట్రాన్‌ని ఎప్పుడో క్లోరిన్‌కి ఇచ్చేసింది, ఇప్పుడది అయాన్. ఇవ్వడానికి ఇంకేమీ లేదు కాబట్టి నీళ్ళతో గొడవ లేదు. కాలిపోయిన కట్టె బూడిదకి మళ్ళీ నిప్పు పెడితే అంటుకోదు కదా, అట్లాగే అనుకో. బూడిద అన్నాను కాబట్టి ఇంకో మాట, కట్టెల బూడిదలో నిజంగానే పొటాషియం కార్బొనేట్ ఉంటది, బూడిదతో గిన్నెలు తోమితే జిడ్డు పోవడానికి ఆ క్షారం కూడా ఒక కారణం. వెనకటి కాలంలో ప్రపంచమంతా పొటాష్‌ని బూడిద నీళ్ళు కాచే తీసేవాళ్ళు, గనులు తవ్వడం తరవాతి మాట.

ప్రకృతిలో ఎక్కడా పొటాషియం లోహంగా దొరకదు, భూమి మీద ఉన్నదంతా ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నదే. దాన్ని వెనక్కి తిప్పి లోహం చెయ్యాలంటే బలవంతంగా ఎలక్ట్రాన్ ఎక్కించాలి. లండన్‌లో హంఫ్రీ డేవీ 1807లో కరిగించిన కాస్టిక్ పొటాష్ గుండా కరెంటు పంపించి మొదటిసారి ఆ పని చేశాడు, కరెంటుతో విడగొట్టిన మొట్టమొదటి లోహం ఇదే, కొద్ది రోజులకే సోడియం కూడా తీశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కరెంటు పద్ధతి కాదు, కరిగిన పొటాషియం క్లోరైడ్ లోకి సోడియం ఆవిరి పంపిస్తారు, పొటాషియం ఆవిరై పైకొస్తే పట్టుకుంటారు. అయినా లోహంతో ఉన్న అవసరం చాలా తక్కువ. తవ్వి తీసే పొటాషియంలో తొంభై శాతం పైన ఎరువులకే పోద్ది.

ఇంకో విషయం, ఏ ల్యాబ్‌లో అయినా పాత పొటాషియం సీసా కనపడితే దాన్ని ముట్టుకోవద్దు. నూనెలో ఉన్నా కూడా ఏళ్ళు గడిచేకొద్దీ పైన పసుపచ్చగా సూపర్ ఆక్సైడ్ పొర కడతది, దాన్ని చాకుతో కోస్తే ఆ ఒత్తిడికే పేలొచ్చు. కాలేజీల్లో సోడియం చూపించి ఆపేస్తారు, అదే పద్ధతి. చిత్రం ఏంటంటే అదే సూపర్ ఆక్సైడ్‌ని విడిగా తయారుచేసి గనుల్లో దిగేవాళ్ళ శ్వాస మాస్కుల్లో వాడతారు, మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని ఆక్సిజన్ ఇస్తది.

నీ రెండో డౌట్‌కి నా వైపు నుంచి ఒక్క ముక్క. సోడియం, పొటాషియం అన్నదమ్ముల్లాంటివని మేమే క్లాసులో చెప్తాం, గుణాలన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యలేదు. సబ్బు సోడియంతో వండితే గట్టి బిళ్ళ అవుద్ది, పొటాషియంతో వండితే మెత్తగా, లిక్విడ్‌గా ఉంటది. బాణసంచాలో సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, వాడతారు గానీ సోడియం నైట్రేట్ వాడరు ఎందుకంటే అది గాలిలో చెమ్మ పీల్చేస్తది, మన గోదారి జిల్లాల చెమ్మలో అయితే మందంతా ముద్దే. ప్రాణుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. ప్రతి జంతుకణంలో లోపల పొటాషియం బయట సోడియం ఉండాలి, అలా ఉంచడానికి కణం గోడలో ఒక పంపు ఉంటది, మూడు సోడియం బయటికి తోసి రెండు పొటాషియం లోపలికి తీసుకుంటది. దాన్ని 1957లో కనిపెట్టింది యెన్స్ స్కూ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, అదీ పీతల నరాల మీద పనిచేస్తా కనిపెట్టాడు, 1997లో నోబెల్ వచ్చింది. పీతైనా రొయ్యైనా మనిషైనా పంపు ఒకటే. కండ బిగుసుకుని వదలట్లేదు అన్నావంటే నా అనుమానం అటే పోతంది.


చెరువు గట్టు ల్యాబ్

మాస్టారు బాగా చెప్పారు, అక్కడి నుంచి నేను అందుకుంటా. నేను భీమవరం ఏరియాలో నీళ్ళ టెస్టుల పనిలో ఉన్నాను తమ్ముడూ, నువ్వు చెప్పిన కేసు మాకు తరచూ వస్తది, అందులోనూ బోరు చెరువుల నుంచే.

రిఫ్రాక్టోమీటర్ చెప్పేది మొత్తం ఉప్పు ఎంత అని మాత్రమే, ఆ ఉప్పులో ఏ ఉప్పు ఎంత అన్నది దానికి తెలీదు. సముద్రం నీళ్ళు 35 పీపీటీ దగ్గర లీటర్‌కి సోడియం సుమారు 10,700 మిల్లీగ్రాములు, పొటాషియం 380 పైచిలుకు. అంటే 28కి ఒకటి. వనామీ సముద్రం జీవి, దాని మొప్పల్లో పంపు ఆ లెక్కకి అలవాటుపడి ఉంది. ఉప్పుటేరు పోటు నీళ్ళంటే సముద్రం నీళ్ళకి మంచినీళ్ళు కలిసినవి, ఎంత పలచనైనా 28కి ఒకటి అన్న లెక్క పెద్దగా మారదు. అందుకే పక్క చెరువుకి ఇబ్బంది లేదు.

బోరు నీళ్ళ కథ వేరు. ఆ నీళ్ళు వందలు వేల ఏళ్ళు భూమిలో బంకమట్టి పొరల మధ్య ఉన్నాయి. బంకమట్టికి పొటాషియం అంటే మహా ఇష్టం, మట్టి రేకుల మధ్య ఉండే ఖాళీల్లో పొటాషియం అయాన్ సరిగ్గా ఇరుక్కుంటది, సోడియం అలా ఇరుక్కోదు. కాబట్టి నీళ్ళలో పొటాషియాన్ని మట్టి లాగేసుకుని సోడియాన్ని వదిలేస్తది. పైకి వచ్చేసరికి ఉప్పగానే ఉంటది, మీటర్ 6 చూపిస్తది, కానీ సోడియానికి పొటాషియానికి లెక్క 50కి ఒకటి, 80కి ఒకటి, ఒక్కోచోట వంద దాటేస్తది. నిజానికి సముద్రంలో సోడియం అంత ఎక్కువ పొటాషియం అంత తక్కువ ఉండటానికి కూడా ఇదే కారణం, భూమి పైపొర రాళ్ళలో రెండూ దాదాపు సమానంగానే ఉంటాయి, కానీ గోదావరి లాంటి నదులు కొట్టుకొచ్చే ఒండ్రు పొటాషియాన్ని తనలోనే పట్టి ఉంచుద్ది, సోడియం సముద్రం దాకా పోద్ది. మన డెల్టా అంతా ఆ ఒండ్రే కదా.

సరే పనిలోకి వద్దాం. మేం వాడే లెక్క సింపుల్, పీపీటీని 10.7తో గుణిస్తే ఆ ఉప్పుకి ఉండాల్సిన పొటాషియం పీపీఎమ్‌లో, అంటే లీటర్‌కి మిల్లీగ్రాముల్లో, వస్తది. 6 పీపీటీకి 64. మెగ్నీషియానికి 39తో గుణించాలి, అంటే 234. ముందు ల్యాబ్‌లో సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం నాలుగూ చేయించు, టెస్ట్ లేకుండా బస్తాలు పోయకు. మెగ్నీషియం తక్కువున్నా క్రాంప్, అంటే ఈ తోక బిగుసుకోవడం, వస్తది, ఎండవేళ వల వేసినా వస్తది, ఆక్సిజన్ పడిపోయినా వస్తది. వల తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడే వేసి చూడు, అప్పుడూ బిగుసుకుంటుంటే మినరల్ గొడవే అనుకోవచ్చు.

ఇక మీ మినరల్ ప్యాకెట్లు ఎందుకు పనిచెయ్యలేదో లెక్క చూపిస్తా, దీన్ని రైతులందరూ ఒకసారి కాగితం మీద వేసుకోవాలని నా కోరిక. ఎకరం చెరువు, నాలుగడుగుల నీళ్ళు, అంటే సుమారు 4,900 క్యూబిక్ మీటర్లు. ఒక పీపీఎమ్ పెరగాలంటే అచ్చం పొటాషియమే 4.9 కిలోలు కావాలి. పది కిలోల ప్యాకెట్ మీద పొటాషియం 5 శాతం అని ఉందనుకో, అందులో ఉన్నది అర కిలో. అది ఎకరం మొత్తం మీద చల్లితే పెరిగేది 0.1 పీపీఎమ్. మీకు కావాల్సింది ఇరవయ్యో ముప్ఫయ్యో! ప్యాకెట్లో మోసం ఉందని కాదు, మేతలో కలపడానికి అది సరిపోతదేమో, నీళ్ళని సరిచెయ్యడానికి మాత్రం సరిపోదు. నీళ్ళకైతే ఎంవోపీనే, అంటే నువ్వు తెచ్చిన మ్యూరియేట్ ఆఫ్ పొటాష్.

బస్తా మీద 60 శాతం అని ఉంటది, అది పొటాష్ లెక్క, ఎరువుల వాళ్ళ పాత పద్ధతి, పొటాషియం ఆక్సైడ్ రూపంలో చెప్తారు. అసలు పొటాషియం కావాలంటే దాన్ని 0.83తో గుణించాలి, అంటే 50 శాతం. కాబట్టి పది కిలోల ఎంవోపీకి ఎకరం నాలుగడుగుల నీళ్ళలో ఒక పీపీఎమ్, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఎరుపు తెలుపు గురించి కంగారు పడొద్దు, ఎరుపు అనేది రాతిలో ఉన్న ఇనుము వల్ల, తెల్లది ఇంకాస్త శుద్ధి చేసింది. సల్ఫేట్ రకం కూడా దొరుకుద్ది, అందులో పొటాషియం 41-42 శాతమే ఉంటది, ఖరీదు ఎక్కువ, చెరువుకి దాని అవసరం నాకైతే కనపడలేదు.


పాలకోడేరు

నాదొక ప్రశ్న మధ్యలో. మా దగ్గర కొందరు పొటాషియం పర్మాంగనేట్ వేస్తే పొటాషియం కూడా వస్తది కదా, రోగమూ పోద్ది బలమూ వస్తది అంటన్నారు. నిజమేనా? మా చిన్నప్పుడు బావుల్లో కూడా అదే వేసేవారు, నీళ్ళు గులాబీ రంగులో ఉండేవి.


చెరువు గట్టు ల్యాబ్

వద్దండి బాబాయ్ గారూ. పర్మాంగనేట్‌లో పొటాషియం నాలుగో వంతు. చెరువుకి 4 పీపీఎమ్ వేసినా పొటాషియం వచ్చేది ఒక్క పీపీఎమ్, కానీ ఆ 4 పీపీఎమ్‌తో నీళ్ళలో పచ్చదనం అంతా చచ్చిపోయే ప్రమాదం ఉంది, ఆ పచ్చదనం, అంటే ప్లాంక్టన్, ఒక్కసారి పడిపోతే ఆ రాత్రి ఆక్సిజన్ కూడా పడిపోద్ది. బావిలో అది పనిచేసింది సూక్ష్మజీవుల్ని ఆక్సీకరణం చేసి, పొటాషియం వల్ల కాదు. పేరులో పొటాషియం ఉన్నదల్లా పొటాష్ ఎరువు అవ్వదు.


తణుకు కెమిస్ట్రీ

ఆ మాటకొస్తే పటిక కూడా అంతేనండి. కాలవకి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పేవాళ్ళం కదా, అది పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. మట్టిని దించేది అల్యూమినియం, పొటాషియం ఊరికే పక్కన ఉంటది అంతే. అందుకే మంచినీళ్ళ ప్లాంట్లలో పొటాషియం లేని అల్యూమినియం సల్ఫేట్ వాడుకుంటున్నారు, మట్టి దిగడంలో లోటేమీ లేదు. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఉంటది, అక్కడ కూడా అసలు పని క్లోరేట్‌లోని ఆక్సిజన్‌ది, పొటాషియం ఎందుకంటే ఆ ఉప్పు చెమ్మ పీల్చదు కాబట్టి.


అంబాజీపేట కొబ్బరి

ఆయ్, రొయ్యల మధ్యలో కొబ్బరాడు దూరాడు అనుకోకండి, పొటాష్ అన్న మాట వింటే మేం ఆగలేమండి. మా కోనసీమలో కొబ్బరికి అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది అదే. కాసే చెట్టుకి ఏడాదికి నత్రజని అర కిలో, భాస్వరం 320 గ్రాములు, పొటాష్ కిలో రెండొందల గ్రాములు అని చెప్తారు, అంటే ఎంవోపీ రెండు కిలోలు. యూరియా కన్నా ఎక్కువ! చాలామంది రైతులు యూరియా అయితే వేస్తారు, ఆకు పచ్చగా కనపడుద్ది కాబట్టి తృప్తి, పొటాష్ మాత్రం మానేస్తారు. తీరా గెలలో కాయ నిలబడక పిందె రాలిపోతా ఉంటే తెగులేమో అని మందులు కొడతారు.

పొటాష్ లోపం గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. కింది ఆకులు చూడండి, ముదురు ఆకుల్లో ఆకు కొసల నుంచి, అంచుల నుంచి పసుపు నారింజ కలిసిన రంగు మొదలై ఎండిపోతా వస్తది, ఈనె పక్కన మాత్రం పచ్చగానే ఉంటది, పైన మొవ్వు దగ్గర కొత్త ఆకులు బాగానే ఉంటాయి. ఎందుకంటే చెట్టు పాత ఆకుల్లోంచి పొటాష్ లాగి కొత్త ఆకులకి పంపిస్తది, లోపం ఎప్పుడూ కింద నుంచే బయటపడుద్ది. అనుమానం ఉంటే అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, ఆకు పట్టుకెళ్ళి చూపించుకోవచ్చు.

వేసేటప్పుడు మొదలుకి ఆనించి పోయకండి, పీల్చే వేళ్ళు అక్కడ ఉండవు, మొదలు నుంచి ఆరడుగుల దాకా పళ్ళెం చేసి అందులో చల్లి మట్టి కలపాలి, సగం తొలకరిలో సగం వానలు తగ్గాక. ఒక్కసారే పోస్తే మా ఇసక నేలల్లో వానకి దిగిపోద్ది. ఇందాక ల్యాబ్ అన్న చెప్పిన బంకమట్టి పట్టు మా ఇసకకి లేదు కదా, అందుకే విడతలుగా వెయ్యమంటారన్నమాట, ఇప్పుడు అర్థమైంది.

ఇంకోటి, డొక్కలు పారేయకండి. కొబ్బరి డొక్కలో పొటాష్ బాగా ఉంటది, చెట్టు చుట్టూ గాడి తీసి డొక్కలు పాతేస్తే మెల్లగా వదులుద్ది, పైగా ఎండాకాలం చెమ్మ పట్టి ఉంచుద్ది. ఎగుమతికి పోయే పీచు పొట్టుని నీళ్ళతో కడిగేది కూడా అందులో సోడియం పొటాషియం ఉప్పులు ఎక్కువున్నాయనే. వరి సంగతి కూడా అంతే, మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎనభై శాతం దాకా గడ్డిలోనే ఉంటది, ధాన్యంలో కాదు. సార్వా గడ్డీ దాళ్వా గడ్డీ రెండూ చేలోంచి మోసుకుపోతుంటే పొలం ప్రతి ఏడూ పొటాష్ పోగొట్టుకుంటానే ఉంటది. మన దేశంలో పొటాష్ గనులు నడవట్లేదు, కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాల్సిందే. అంత దూరం నుంచి తెచ్చుకునేదాన్ని గడ్డితో పాటు బయటికి పంపించేస్తుంటే మనసు ఒప్పదండి.

లంక పొగాకు వేసేవాళ్ళకి ఒక మాట, మీరు మాత్రం ఈ క్లోరైడ్ రకం వాడొద్దు. క్లోరిన్ ఎక్కువైతే ఆకు సరిగ్గా కాలదు, నాణ్యత పడిపోద్ది, పొగాకుకి సల్ఫేట్ రకమే. కొబ్బరికి అదే క్లోరిన్ మేలు చేస్తది. పంట పంటకి తేడా.


కాకినాడ సిస్టర్

కొబ్బరి అన్నారు కాబట్టి నర్సుగా ఒక విషయం చెప్పాలి, దయచేసి అందరూ చదవండి. కొబ్బరి బోండం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, వంద మిల్లీలీటర్లకి రెండొందల మిల్లీగ్రాముల పైన ఉండొచ్చు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి మంచిదే, కిడ్నీలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అలా కాదు. రక్తంలో పొటాషియం లీటర్‌కి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్యలో ఉండాలి, అది 6 దాటి పైకి పోతుంటే గుండె కొట్టుకునే లయ తప్పొచ్చు, ఒక్కోసారి ముందు ఏ లక్షణం కనపడకుండానే. పేషెంట్‌ని చూడటానికి వచ్చే చుట్టాలు ప్రేమతో బోండాలు తెస్తారు, డయాలసిస్ పేషెంట్‌కి ఆ ప్రేమే ప్రమాదం. బీపీకి ఉప్పు మానెయ్యమన్నారని సోడియం తక్కువ ఉప్పు కొంటున్నారు కొందరు, అందులో సోడియం బదులు వేసేది పొటాషియం క్లోరైడే. కిడ్నీ జబ్బు ఉన్నా, పొటాషియం పెంచే రకం బీపీ మాత్రలు గుండె మాత్రలు వాడుతున్నా, డాక్టర్‌ని అడగకుండా ఆ ఉప్పు వాడొద్దు.

అలాగని పొటాషియం అంటే భయపడిపోవద్దు, తక్కువైనా ప్రమాదమే. విరేచనాలు పట్టుకున్నప్పుడు సోడియంతో పాటు పొటాషియం కూడా పోయి మనిషి కాళ్ళు చేతులు సత్తువ లేకుండా పడిపోతాడు, అందుకే ఓఆర్ఎస్‌లో లీటర్‌కి ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటది. ఇంట్లో ఉప్పు పంచదార కలిపిన నీళ్ళలో అది ఉండదు కాబట్టి ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే కలపండి, కొబ్బరి నీళ్ళు దానికి బదులు కాదు, అందులో సోడియం సరిపడా ఉండదు.


ఉప్పుటేరు కుర్రోడు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు ఇప్పటిదాకా. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. సెలినిటీ (ఉప్పదనం) 6, సోడియం 1,850, పొటాషియం 38, మెగ్నీషియం 228. తెల్లారగట్ల వల వేసి చూశాం, అప్పుడు కూడా తోకలు బిగుసుకుంటున్నాయి. ఏరియేటర్లు బాగానే తిరుగుతున్నాయి, ఆక్సిజన్ తెల్లవారుజామున కూడా 4 పైనే ఉంటంది. చెరువు ఎకరం, నీళ్ళు ఐదడుగులు. ఎంత వెయ్యాలి, ఒకేసారా? ఇంకోటి మాస్టారిని అడగాలి, ల్యాబ్‌లో నీళ్ళని సన్నటి గొట్టంతో పీల్చి చిన్న మంటలోకి పంపించి నంబర్ చెప్పారు, మంటలో ఎలా తెలుస్తంది?


చెరువు గట్టు ల్యాబ్

1,850ని 38తో భాగిస్తే దాదాపు 49. 28 ఉండాల్సిన చోట 49 ఉంది, మెగ్నీషియం దాదాపు సరిపోయింది. కాబట్టి పొటాషియమే. ఉండాల్సింది 64, ఉన్నది 38, లోటు 26. ఐదడుగుల నీళ్ళు కాబట్టి పీపీఎమ్‌కి పన్నెండు కిలోల పైచిలుకు పడుద్ది, మొత్తం 320 కిలోలు, అంటే ఆరు బస్తాలు దాటి.

ఒకేసారి వద్దు. నాలుగైదు విడతలు చేసి రోజు విడిచి రోజు వెయ్యండి. డ్రమ్ములో చెరువు నీళ్ళతోనే పూర్తిగా కరిగించి, ఏరియేటర్లు తిరుగుతుండగా చెరువంతా పడేలా చల్లాలి. బస్తా విప్పి గట్టు మీద నుంచి కుప్పగా పోస్తే అడుక్కి పోయి అక్కడే కరుగుద్ది, అడుగు మట్టి ముందు అదే లాగేసుకుంటది. దీనివల్ల పీహెచ్ మారదు, సెలినిటీ కూడా 0.05 పీపీటీ పెరుగుద్దేమో అంతే, రొయ్యకి షాక్ ఉండదు.

ఒకటి మాత్రం నాన్నగారికి ముందే చెప్పు, వేసినదంతా నీళ్ళలో ఉండిపోదు. మీ చెరువు అడుగు కూడా బంకమట్టే, అది కొంత పట్టేస్తది. మొదటి పంటలో ఎక్కువ పట్టుద్ది, ఏడాదికేడాది మట్టి నిండేకొద్దీ తగ్గుద్ది. అందుకే ఒకసారి వేశాం కదా అని వదిలెయ్యకూడదు. పంట అయ్యాక ఈ నీళ్ళు డ్రెయిన్‌లోకి వదలకుండా పక్క చెరువులోకి తోడి దాచుకోగలిగితే ఆ పొటాష్ ఖర్చు సగం మిగిలినట్టే.


తణుకు కెమిస్ట్రీ

ఆ మెషీన్ పేరు ఫ్లేమ్ ఫొటోమీటర్. మీరు ఇంటర్‌లో చేసిన జ్వాలా పరీక్షే అది, కంటికి బదులు సెన్సార్ ఉంటది. మంట వేడికి పొటాషియం ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కి కిందికి దిగేటప్పుడు 766 నానోమీటర్ల దగ్గర కాంతి ఇస్తది, సోడియం 589 దగ్గర పసుపు రంగులో ఇస్తది. ఫిల్టర్ పెట్టి ఏది కావాలంటే దాని వెలుగునే కొలుస్తారు, వెలుగు ఎంత ఎక్కువుంటే అయాన్ అంత ఎక్కువ. మామూలు కంటితో చెరువు నీళ్ళు మంటలో పెట్టి చూస్తే సోడియం పసుపు తప్ప ఇంకేం కనపడదు, అది 49 రెట్లు ఉంది కదా. మీ కాలేజీ ల్యాబ్‌లో నీలం కోబాల్ట్ గాజు ఉంటే ఆ ఎర్ర పొటాష్ చిటికెడు తీసుకెళ్ళి నైక్రోమ్ తీగ మీద పెట్టి బర్నర్ మంటలో గాజులోంచి చూడు, ఆ గాజు పసుపుని మింగేస్తది, పొటాషియం ఊదారంగు ఒక్కటే కనపడుద్ది.


ఉప్పుటేరు కుర్రోడు

తప్పకుండా చూస్తా మాస్టారూ. నాన్నగారు బస్తాలకి మనిషిని పంపించారు, రేపు సాయంత్రం మొదటి విడత వేస్తున్నాం. ల్యాబ్ అన్నా, మళ్ళీ శాంపిల్ ఎప్పుడు తెమ్మంటారు?


చెరువు గట్టు ల్యాబ్

ఆఖరి విడత వేశాక ఒక వారం ఆగి తే, అప్పటికి మట్టి పట్టేది పట్టేసి ఉంటది, నిజం నంబర్ వస్తది. చెరువు నాలుగు మూలలా, మధ్యలో, పైన కాకుండా మోచేతి లోతులో నీళ్ళు తీసి కలిపి ఒక ప్లాస్టిక్ బాటిల్లో పట్టు, బాటిల్‌ని ముందు అదే చెరువు నీళ్ళతో కడుగు. ఈలోగా వాన పడి నీళ్ళు పెరిగితే ఎన్ని అంగుళాలు పెరిగిందో రాసి పెట్టుకో. వల రోజూ వెయ్యకు, రొయ్యని అనవసరంగా కదపొద్దు, చెక్ ట్రేలో మేత ఎలా తింటున్నాయో చూస్తే చాలు.